పొయ్యి మీద పెళ్లి

మా ఇంట్లో "పొయ్యి మీద పెట్టాను" అంటే వంట గురించి కాదు. నేను ఎడిట్ చేసిన పెళ్లి సినిమాని కంప్యూటర్‌లో రెండర్‌కి పెట్టానని అర్థం. ముక్కలు ముక్కలుగా కోసి, అతికించి, పాటలు వేసి, రంగులు సరిచేసిన పెళ్లినంతటినీ అది ఒక్క ఫైలుగా చేసి చేతికివ్వాలి. దానికి గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ గది వేడెక్కిపోతుంది, లోపలి ఫ్యాను రొద పెడుతుంది, నేను దాన్ని ముట్టుకోవడానికి ఉండదు. "ఇంకా ఉడకలేదా?" అని మా అత్తయ్య మొదటిసారి అడిగినప్పుడు నవ్వుకున్నాం. తర్వాత అదే మా ఇంటి మాట అయిపోయింది. ఒకసారి ఒక పెళ్లికూతురి తల్లి ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తి, "మీ అమ్మాయి ఇంకా ఉడుకుతోందమ్మా, రేపు దించుతాం" అని చెప్పేసింది. ఆవిడకి సర్దిచెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆ పెళ్లిళ్ల సీజన్ మొదట్లోనే ఫ్లాష్ మా ఇంటికొచ్చాడు. ఫ్లాష్ అంటే నాకు పని ఇచ్చే ఫొటోగ్రాఫర్. అలా వచ్చి ఇలా మాయమైపోతాడని అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఆ రోజు కూడా కుర్చీ అంచున కూర్చుని, చెప్పులు విప్పకుండానే మాట్లాడాడు.

"అక్కా, ఈ సీజన్‌లో నా పెళ్లిళ్లన్నీ నీకే ఇస్తా. కానీ పెళ్లయిన వారంలోపు సినిమా నా చేతిలో పడాలి. జనం ఇదివరకటిలా ఆగట్లేదు. చుట్టాలు ఇంటికి చేరేలోపే ఫోన్లో చూసుకోవాలంటున్నారు."

"వారం అంటే కష్టం కదా."

"కుదరదంటే ఇప్పుడే చెప్పెయ్. కత్తెర దగ్గరికి తీసుకెళ్తా. నేనేం అనుకోను."

కత్తెర అనేది నేను ఇదివరకు పనిచేసిన స్టూడియో ఓనర్‌కి మేం పెట్టుకున్న పేరు. ఆయన వీడియోతో మొదలుపెట్టి సెలవులు, జీతాలు, మాట్లాడుతున్న మనిషి మాట, అన్నీ కత్తిరించేవాడు. కిటికీ లేని గదిలో భుజం భుజం తగిలేలా కూర్చుని పనిచేసేవాళ్లం. ఆయన వెనక నిలబడి ప్రతి షాట్‌కీ నాలుక చప్పరిస్తూ ఉండేవాడు. అక్కణ్ణించి బయటపడి, మా ఇంటి వెనకగదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని నా పని నేను మొదలుపెట్టాను. పని వస్తోంది గానీ అరకొరగా వస్తోంది. నీ కుర్చీ ఖాళీగానే ఉంది, ఎప్పుడొచ్చినా సరేనని కత్తెర కబురు పంపాడు కూడా. అంటే ఈ సీజన్ నిలబెట్టుకుంటే నా గది నాకుంటుంది, పోగొట్టుకుంటే మళ్లీ ఆ నాలుక చప్పుడు వింటూ కూర్చోవాలి.

"వారంలోపే ఇస్తా" అని ఫ్లాష్‌కి మాటిచ్చేశాను.

ఆ కంప్యూటర్‌తో అది అయ్యే పని కాదని నాకు తెలుసు. దాని ప్రాసెసర్ మేం కొన్నప్పటికే పాతది. సినిమా పొయ్యి మీద ఉన్నంతసేపూ ఇంకో పెళ్లి మీద పనిచెయ్యనివ్వదు. పైగా పెళ్లివాళ్లు ఒక్కసారికి ఒప్పుకోరు. "మా పెదనాన్న మరీ ఎక్కువసేపు తింటున్నట్టు కనిపిస్తున్నాడు, కొంచెం తగ్గించండి" అంటారు. పెదనాన్న రెండు ముద్దలు తగ్గించినందుకు పెళ్లంతా మళ్లీ మొదటినుంచి ఉడకాలి.

"ప్రాసెసర్ మార్చాలండీ" అన్నాను మా ఆయనతో, ఆ సాయంత్రమే.

"మార్చొచ్చు" అన్నాడాయన.

నేను వెర్రిదానిలా సంతోషపడ్డాను. మా ఆయన టైల్స్ షాపులో సేల్స్‌మన్. పొద్దున్నించి సాయంత్రం దాకా జనానికి టైల్స్ చూపించీ చూపించీ, చూడటమే కొనడం అనుకునే స్థితికి వచ్చాడు. ఆయన నోట్లో "మార్చొచ్చు" అన్న మాటకి అర్థం, ఇక మాట్లాడుకోవడం మొదలుపెట్టొచ్చు అని. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ సంగతి నాకు ఒంటబట్టలేదు.

"కానీ ప్రాసెసర్ ఒక్కటే మారదు" అన్నాడు. "కొత్తది మన బోర్డు మీద కూర్చోదు, బోర్డు మార్చాలి. బోర్డు మారిస్తే మెమరీ మార్చాలి. అన్నీ మార్చాక కరెంటు ఇచ్చే డబ్బా తూగుతుందో లేదో చూడాలి."

"అయితే చూడండి."

"చూస్తున్నా."

నిజంగానే చూశాడు. అన్నం తింటూ చూశాడు, గడ్డం గీసుకుంటూ చూశాడు. ఎవరెవరో కుర్రాళ్లు ఫోన్లో ప్రాసెసర్లని అరచేతిలో పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడుతుంటే, పరీక్షకి చదివేవాడిలా చెవులు రిక్కించి విన్నాడు. ఒక రోజు ఇది బాగుందంటాడు. మర్నాడు దానికన్నా కొంచెం పెద్దది తీసుకుంటే ఎక్కువ కాలం పనికొస్తుందంటాడు. ఆ మర్నాడు కొత్త తరం వస్తోందట, అది వస్తే దీని ధర పడిపోతుంది, ఆగుదామంటాడు.

"పెళ్లిళ్లు ఆగవు కదండీ" అంటే, "అదీ నిజమే" అని ఇంకో వీడియో పెట్టుకుంటాడు.

అత్తయ్య తన పాట తాను పాడుతోంది. ప్రాసెసర్ అన్న మాటకి ఆవిడ నోరు తిరగదు.

"ఆ ప్రొఫెసర్ని ఎందుకు తీసేస్తున్నార్రా? ఏం పాపం చేశాడు?"

"ప్రొఫెసర్ కాదమ్మా, ప్రాసెసర్."

"అదేలే. నెమ్మదస్తుడు అంటున్నారు కదా. నెమ్మదస్తుణ్ణి తీసేసి దుడుకువాణ్ణి తెచ్చుకుంటే ఏం బాగుపడతారు? దండగ ఖర్చు. ఆ డబ్బుతో బట్టల మెషిన్ కొనండి. ఇప్పుడున్నది తిరగడం మొదలుపెడితే బాత్‌రూమ్ దాటి హాల్లోకి నడిచొస్తోంది."

ఆ డబ్బు బట్టల మెషిన్ కోసం దాచిందే.

ఈలోగా పెళ్లిళ్లు రానే వచ్చాయి. పగలంతా కోసి అతికించి, ఆయన షాపు నుంచి వచ్చే వేళకి పొయ్యి మీద పెట్టేదాన్ని. అది నడుస్తున్నంతసేపూ ఇస్త్రీపెట్టె పెట్టకూడదు, బట్టల మెషిన్ వెయ్యకూడదు, ఫ్యూజు పోతుంది. గదిలో కూర్చోలేం, సెగ. ఇంక చేసేదేముంది, బాల్కనీలో ముగ్గురం పేకముక్కలు పట్టుకుని కూర్చునేవాళ్లం. అత్తయ్య జోకర్‌ని ఒళ్లో దాచేస్తుంది. మా ఆయన ఒక్క ముక్క పారెయ్యడానికి మీనమేషాలు లెక్కపెడతాడు. నా చెవులు మాత్రం గదిలో ఫ్యాను మీదే ఉండేవి. దాని రొద ఆగితే అయిపోయినట్టు, లేదా బిగుసుకుపోయినట్టు.

"నీ ఆటే" అనేవాడు ఆయన.

"మీరింకా ముక్క పడెయ్యలేదు" అనేదాన్ని.

కంప్యూటర్ షాపుకి వెళ్లడం కూడా ఆదివారం కార్యక్రమంగా తయారైంది. మమ్మల్ని చూడగానే షాపతను ముందుగా ఒక పెద్ద ఊపిరి పీల్చుకునేవాడు. మా ఆయన గాజుపెట్టె మీద మోచేతులు ఆనించి మొదలుపెట్టేవాడు.

"ఇది దానికన్నా ఇంత శాతం వేగం అంటున్నారు. ఆ శాతం దేనిమీద లెక్కేశారు?"

"సార్, మేడమ్ చేసేది వీడియో పని. ఇది పెట్టుకుంటే గంటల పని నిమిషాల్లో అయిపోతుంది. ఇంతకన్నా ఏం చెప్పమంటారు?"

"నిమిషాలంటే?"

"టీ తాగేలోపు."

మా ఆయన ముఖం అదోలా అయింది. ధర గుర్తొచ్చిందేమో అనుకున్నాను.

"మరీ అంత వేగం అవసరమా?" అన్నాడు.

షాపతను నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను.

"సార్, మీరేం చేస్తుంటారు?"

"టైల్స్ షాపులో సేల్స్."

"మీ దగ్గరికి కూడా ఇలా వారంవారం వచ్చి అడిగి వెళ్లిపోయే కస్టమర్లు ఉంటారా?"

"బోలెడుమంది."

"వాళ్లనేం చేస్తారు?"

"టీ ఇస్తాం" అన్నాడు మా ఆయన.

షాపతను మాకు టీ తెప్పించాడు. మా ఆయన నింపాదిగా తాగి, బాగుందని మెచ్చుకున్నాడు. ఆ రోజు మేం కొన్నది ఒక మౌస్ ప్యాడ్.

నేను భయపడ్డదే జరిగింది. ఒక డాక్టర్‌గారి అబ్బాయి పెళ్లి. రెండుసార్లు మార్పులు చెప్పారు, రెండుసార్లూ చేశాను. ఇంక ఇవ్వాల్సిన రోజు. ఫ్లాష్ హాల్లో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ముప్పాతికకి పైగా ఉడికిన సినిమా ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. తెర మీద ఒక పెద్దాయన చెంచా ఎత్తి, నోరు తెరిచి, అలాగే నిలబడిపోయాడు. నేను ఏ మీట నొక్కినా ఆయన నోరు మూతపడలేదు. చివరికి మొత్తం ఆపేసి మళ్లీ వెలిగిస్తే, చేసిన పని ఉంది గానీ ఉడికిందంతా పోయింది.

ఫ్లాష్ కేకలెయ్యలేదు. అతను కేకలేసినా బాగుండేది.

"అక్కా, వాళ్లకి నేనేం చెప్పుకోవాలి? నీమీద గౌరవం కొద్దీ చెప్తున్నా. వచ్చే ఆదివారం పెళ్లి కూడా ఇలా అయితే మిగతావన్నీ కత్తెరకి మాట్లాడేసుకుంటా" అని చెప్పి వెళ్లిపోయాడు.

వంటింట్లోకి వెళ్తే మా ఆయన గ్లాసులు కడుగుతున్నాడు. పక్కన గట్టు మీద ఫోను ఆనించి ఉంది. దాంట్లో ఒక కుర్రాడు ప్రాసెసర్ గురించి చెప్తున్నాడు. నేను ముందు ఆ కుర్రాడి నోరు మూయించాను.

"ఒక్క మాట చెప్పండి. అసలు మీకు కొనే ఉద్దేశం ఉందా లేదా?"

"ఉంది."

"డబ్బు గురించి ఆలోచిస్తున్నారా? అందులో నా డబ్బు కూడా ఉంది."

"డబ్బు గురించి కాదు."

"బట్టల మెషిన్ గురించా?"

"అదీ కాదు."

"మరి దేని గురించండీ? బోర్డులూ శాతాలూ నాకొద్దు. అవన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. సీజన్ సగమైపోయింది. నేను మళ్లీ కత్తెర దగ్గరికి పోవాలి, మీకది ఇష్టమేనా?"

ఆయన కడిగిన గ్లాసుని బోర్లించాడు. అది సరిగ్గా కూర్చోలేదని తీసి మళ్లీ బోర్లించాడు.

"టీ తాగేలోపు అయిపోతే ఇంక నువ్వు ఆ గదిలోంచి బయటికి రావు కదా" అన్నాడు.

కొళాయి కారుతోంది. నేనే కట్టేశాను.

ఇలాంటప్పుడు ఆడదాని మనసు కరిగిపోవాలేమో, నాకు తెలీదు. నాకు మాత్రం నిలువునా ఒళ్లు మండింది.

"ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఇన్నాళ్లు నాన్చారా? ఆ షాపతని ప్రాణం తిన్నారు, నా ప్రాణం తిన్నారు."

"ఎలా చెప్పను? పెళ్లాం పని నెమ్మదిగా సాగాలని ఏ మొగుడైనా నోరు తెరిచి అంటాడా?"

"మీరు అనలేదు. చేసి చూపించారు."

హాల్లోంచి అత్తయ్య, "అక్కడేం గొడవరా?" అని కేకేసింది. "ఏం లేదమ్మా, ప్రొఫెసర్ గురించి" అన్నాడు.

మర్నాడు దాచిన డబ్బు తీసుకుని, పాత కంప్యూటర్‌ని ఆటోలో వేసుకుని నేనొక్కదాన్నే కంప్యూటర్ షాపుకి వెళ్లాను. షాపతను డబ్బాలు ఒక్కొక్కటే తీసి గాజుపెట్టె మీద పెడుతుండగా, మా ఆయన భోజనాల వేళ చూసుకుని తన షాపు నుంచి వచ్చాడు. చొక్కా మీద ఇంకా టైల్స్ దుమ్ము ఉంది. ఆయన్ని చూడగానే షాపతను డబ్బాలన్నీ గబగబా తనవైపు లాక్కున్నాడు. మా ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అతను పాత కంప్యూటర్ విప్పి, కొత్తవన్నీ బిగించి ఇచ్చేదాకా పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో నాతో ఇంటికొచ్చి, గదిలో దించి, మళ్లీ షాపుకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం డాక్టర్‌గారి అబ్బాయి పెళ్లిని పొయ్యి మీద పెట్టి నిజంగానే టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లాను. నీళ్లు మరగకముందే గదిలో అయిపోయిందన్న గంట మోగింది. ఏదో తప్పు జరిగి ఉంటుందని పరుగెత్తాను. తప్పేం లేదు. చెంచా ఎత్తిన పెద్దాయన శుభ్రంగా తిని, మూతి తుడుచుకుని, చేతులు కడుక్కోవడానికి వెళ్తున్నాడు. మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చూశాను. గదిలో వేడి లేదు, రొద లేదు. అంత ఆనందం నేను ఒక యంత్రం వల్ల ఎప్పుడూ పడలేదు.

ఆ తర్వాత పని పరుగెత్తింది. ఫ్లాష్ ఒకటి పట్టుకెళ్తూ ఇంకోటి ఇచ్చేవాడు. ఒక సినిమా ఉడికేలోపు ఇంకోటి కోసేదాన్ని, అది కోసేలోపు మొదటిది అయిపోయేది. కత్తెర నా కుర్చీలో వేరేవాళ్లని కూర్చోబెట్టాడని ఫ్లాష్ చెబితే, ఆ పూట పాటలు పెట్టుకుని పనిచేశాను. పొద్దున గదిలోకి వెళ్తే అన్నానికి తప్ప బయటికి రావడం లేదు.

"ఏమే, ఇప్పుడు అసలు పొయ్యి మీద పెట్టడమే మానేశావా?" అని అడిగింది అత్తయ్య ఒక రోజు. ఆవిడ లెక్కలో నేను బాల్కనీలో ఉంటేనే సినిమా పొయ్యి మీద ఉన్నట్టు.

"పెడుతున్నా అత్తయ్యా."

"మరి నువ్వు రావేం? ఇద్దరితో ఏం ఆట? వాడు ముక్క పడేసేలోపు నేను ఒక కునుకు తీసి లేస్తున్నా."

మా ఆయన మాత్రం సాయంత్రం షాపు నుంచి రాగానే నా గది గుమ్మం దాకా వచ్చేవాడు. "అయిందా?" అనేవాడు. "అయింది, ఇంకోటి పెట్టా" అనేదాన్ని. టీ గ్లాసు మౌస్ ప్యాడ్ పక్కన పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి వెళ్లిపోయేవాడు. ఆ చప్పుడు కాకుండా వెయ్యడమే నాకు మంటగా ఉండేది. నోరు తెరిచి ఒక్క మాటంటే దెబ్బలాడొచ్చు. ఏమీ అనని మనిషితో ఎలా దెబ్బలాడతాం?

అలా ఉండగా ఫ్లాష్ ఫోన్ చేశాడు.

"అక్కా, నీ మెషిన్ రాకెట్‌లా పోతోందట కదా. షాపతను చెప్పాడు. అయితే ఇంక వారం ఎందుకు? పొద్దున నేనిచ్చేది సాయంత్రానికి ఇచ్చెయ్. అలాగే రేటు కూడా కొంచెం చూసుకో. నీకు శ్రమ తగ్గింది కదా."

శ్రమ నాది, వేగం మెషిన్‌ది, డబ్బు బట్టల మెషిన్‌ది, లాభం మాత్రం ఇతనికి. ఆలోచించి చెప్తానని పెట్టేశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతంతా ఏకరువు పెట్టాను. అత్తయ్య అప్పటికే తినేసి పడుకుంది.

మా ఆయన అంతా విని, "ఇప్పుడొచ్చే గమ్ము ఉంది చూడు" అన్నాడు. "టైల్ అతికించేది. పొద్దున వేస్తే సాయంత్రానికి గట్టిపడిపోతుంది. మా తాపీమేస్త్రీ మాత్రం ఎవరింట్లో వేసినా మూడ్రోజులు కాలు పెట్టొద్దనే చెప్తాడు."

"ఎందుకు?"

"రెండోరోజు ఇంకోచోట పని చూసుకుంటాడు. మూడోరోజు ఇంట్లో ఉంటాడు."

నేను ఆయన వంక చూశాను. ఆయన నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"ఊరికే చెప్తున్నా" అన్నాడు. "గమ్ము గురించి."

మర్నాడు సాయంత్రం చేతిలో ఉన్న పెళ్లి పూర్తిచేసి పొయ్యి మీద పెట్టాను. గంట మోగింది. తర్వాతి పెళ్లి తెరవడానికి మౌస్ మీద చెయ్యి వేశాను. బాల్కనీలో అత్తయ్య ముక్కలు కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాసేపు అలాగే కూర్చుని, మౌస్ వదిలేసి, లేచి గది తలుపు వేసి వచ్చి వాళ్ల మధ్య కూర్చున్నాను.

మా ఆయన తలుపు వంక చూశాడు, నా వంక చూశాడు. కొంచెం పక్కకి జరిగాడు.

"పొయ్యి మీద పెట్టావా?" అంది అత్తయ్య, మూడో వాటా పంచుతూ.

"పెట్టాను."

రెండో ఆట సగంలో ఉండగా ఫ్లాష్ ఫోన్ వచ్చింది. ఏం ఆలోచించావు, ఇప్పుడున్నది అయిపోయినట్టేనా అని అడిగాడు.

"లేదు ఫ్లాష్, ఇంకా ఉడుకుతోంది" అన్నాను. "మెషిన్ కొత్తదే గానీ, నేనిప్పుడు ఇంకా మంచి క్వాలిటీలో పెడుతున్నా. టైము మామూలుగానే పడుతుంది. వారం అంటే వారమే. రేటు కూడా పాతదే."

అతను కాసేపు గొణిగాడు. కత్తెర దగ్గర వారం మీద ఇంకో నాలుగు రోజులు పడుతోందని అతని నోటితోనే చెప్పి, సరే అక్కా అని పెట్టేశాడు. మా ఆయన చేతిలో ముక్కల్లోంచి తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అత్తయ్య ముక్కలు ఒళ్లో బోర్లించి నా వంక తిరిగింది.

"చూశావా? అంత డబ్బు పోసి కొత్త ప్రొఫెసర్ని తెచ్చారు. వీడూ పాతవాడి లాగే తగలడ్డాడు. నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, దండగ ఖర్చని. నా మాట ఎవరు విన్నారు?"

మా ఆయన ఏదో చెప్పబోయాడు. ఆ సీజన్ అంతా అది దండగ కాదని ఇంట్లో, షాపులో, వంటగదిలో గొంతు చించుకున్నదాన్ని నేను. మా ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను.

"అవును అత్తయ్యా" అన్నాను. "దండగే. మీరు ఆడండి."